షుగర్ పడిపోతే: టొరంటో నుంచి మిరప చేల దాకా

ఇన్సులిన్‌కు తొలి కొలత ఇచ్చిందే పడిపోయిన షుగర్. 1922లో టొరంటోలో మందు బలం తేల్చడానికి కుందేళ్లకు సూది వేసి చూసేవారు. రోజంతా పస్తున్న రెండు కిలోల కుందేలు రక్తంలో చక్కెరను 45 మిల్లీగ్రాములకు, అంటే ఫిట్స్ వచ్చే మట్టానికి దించే మోతాదునే మొదట ఒక యూనిట్ అన్నారు. అదే ఏడు ఫ్లెచర్, క్యాంప్‌బెల్ అనే వైద్యులు మనుషుల్లో కనిపించే లక్షణాలూ రాసిపెట్టారు: ఆకలి, వణుకు, చెమట, కంగారు, మరీ తగ్గితే స్పృహ తప్పడం. నారింజ రసం, గ్లూకోజు ఇస్తే మనిషి తేరుకుంటాడని కూడా అప్పుడే తెలిసింది.

తెలిసింది డాక్టర్లకు. రోగి చేతిలో దశాబ్దాల పాటు ఉన్నది మూత్ర పరీక్షే. బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రపు చుక్కలు వేసి కాచితే, షుగర్ ఎక్కువున్నవారికి నీలం ఇటుక రంగుకు తిరిగేది. ఆరోగ్యంగా ఉన్నవారికి నీలమే, షుగర్ అడుగంటినవారికీ నీలమే. గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైన 1946 నాటికి వైద్యం ఈ దశలోనే ఉంది. వేలి రక్తపు చుక్కతో చూసే పట్టీలు 1960లలో గానీ రాలేదు. మీటరు ఇళ్లకు చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మాత్రల కథా ఇలాంటిదే. 1942లో ఫ్రాన్స్‌లోని మాంపెలియెలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తే వాళ్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఆ దుష్ఫలితం నుంచే ఒక రకం షుగర్ మాత్రలు పుట్టాయి. వాటిలో చవకైన గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఇంకా ఎక్కువసేపు. అరవై దాటినవారికి అది తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనే రాసింది.

1993లో వెలువడిన అమెరికా, కెనడాల పెద్ద అధ్యయనం చక్కెరను గట్టిగా అదుపు చేస్తే కళ్లు, కిడ్నీలు నిలుస్తాయని నిరూపించింది. తీవ్రమైన లో షుగర్ మాత్రం మూడింతలైందనీ చెప్పింది. మొదటి మాట మన ఊళ్లకు బాగానే చేరింది, రెండోది చేరలేదు.

గుంటూరు, ప్రకాశం చేలల్లో ఈ లోటు ప్రాణం మీదికి తెస్తుంది. మిరప కోతలకు పొద్దున్నే ఆటో ఎక్కే కూలీ మాత్ర వేసుకుని, అన్నం మధ్యాహ్నానికి మూటకట్టుకుంటే, ఎండలో వంగి చేసే పని ఉన్న చక్కెరను తినేస్తుంది. ఎండకు ఇన్సులిన్ కూడా త్వరగా ఒంట్లోకి దిగుతుంది. పడిపోతే వడదెబ్బంటారు. పత్తికి పురుగుమందు కొట్టినవాడికి చెమటలు పట్టి వణికితే మందు పట్టిందంటారు. మాట తడబడితే తాగాడంటారు. మూడూ నిజం కావచ్చు కాబట్టే, షుగర్ ఉన్న మనిషికి ముందుగా వేలి చుక్క చూడాలి. 70 కన్నా తక్కువున్నా, మీటరు దొరక్కపోయినా, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకు మళ్లీ చూసి, తగ్గే ఉంటే మళ్లీ ఇచ్చి, తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

కోటప్పకొండ తిరునాళ్లకు ఉపవాసం ఉండే షుగర్ రోగులు మాత్ర మోతాదు గురించి ముందే డాక్టరును అడగండి. ముఠా మేస్త్రీలు పంచదార పొట్లం ఒకటి చేనుకు తీసుకెళ్లండి.