గడ్డి బేళ్ల ఇళ్లు: తేమ, బూజు సమస్యలు

గడ్డి బేళ్ల ఇల్లు అంటే ధాన్యం నూర్చగా మిగిలిన ఎండుగడ్డిని యంత్రంతో బిగించి కట్టి, ఆ బేళ్లను ఇటుకల్లా పేర్చి, రెండు వైపులా మట్టి లేదా సున్నం పూసి నిలబెట్టిన ఇల్లు. గోడ మందం సాధారణంగా 35 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. ఎండను, చలిని బాగా ఆపుతుంది. సిమెంటు, కాల్చిన ఇటుక, ఇనుము వాడకాన్ని తగ్గించాలనుకునే వారు ఎంచుకుంటున్న ప్రత్యామ్నాయ పద్ధతుల్లో ఇది ఒకటి. గడ్డి ఇల్లు అనగానే చాలామందికి ముందు నిప్పు భయం కలుగుతుంది. దట్టంగా బిగించి పూత పూసిన గోడలో గాలి ఆడదు గనుక అది సులువుగా అంటుకోదు. ఈ ఇళ్లను ఎక్కువగా పాడుచేసేది తేమ, దాని వెంట వచ్చే బూజు, కుళ్లు.

చరిత్ర

ఈ పద్ధతి అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, శాండ్‌హిల్స్ అనే ఇసుక దిబ్బల ప్రాంతంలో 19వ శతాబ్దం చివర పుట్టింది. అక్కడ కలపకు చెట్లు లేవు. ఇసుక నేల కావడంతో, పొరుగు ప్రాంతాల వాళ్లలాగా పచ్చిక పెళ్లలు కోసి గోడలు పెట్టే వీలు కూడా లేదు. అప్పుడప్పుడే వాడకంలోకి వచ్చిన గడ్డి బిగించే యంత్రం వలసవచ్చిన రైతులకు కొత్త దారి చూపింది. 1886లో కట్టిన ఒక బడి ఈ కోవలో మొదటిదని చెబుతారు. పూత పూయకుండా, కంచె వేయకుండా వదిలేయడంతో దాన్ని ఆవులు తినేశాయని అక్కడ చెప్పుకుంటారు. ఆర్థర్ అనే ఊళ్లో 1928లో రై గడ్డి బేళ్లతో కట్టిన చర్చిని 1979లో అమెరికా చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో చేర్చారు.

శాండ్‌హిల్స్‌లో ఏటా 400 నుంచి 600 మిల్లీమీటర్ల వానే పడుతుంది. పొడి గాలి, గడ్డకట్టే చలి అక్కడి గోడలకు రక్షణ. అయితే తడి వాతావరణంలోనూ ఈ పద్ధతి నిలబడగలదనడానికి రుజువులు ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని మోంతార్జీలో ఇంజినీరు ఎమిల్ ఫ్యోయెత్ 1920లో కట్టిన ఇల్లు వందేళ్లు దాటింది. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో ఏటా 1,300 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడ గోడల్లో గోధుమ గడ్డి బేళ్లు కూరి 1938లో పూర్తిచేసిన బరిట్ భవనం నేడు మ్యూజియంగా ఉంది. మరుగున పడిన ఈ పద్ధతిపై ఆసక్తి 1970ల్లో తిరిగి మొదలైంది. 1973లో వెలువడిన ‘షెల్టర్’ అనే పుస్తకంలో నెబ్రాస్కా ఇళ్ల గురించి వచ్చిన వ్యాసం అందుకు కారణాల్లో ఒకటి.

గడ్డిలో తేమ తీరు

గడ్డి పరకలో ప్రధానంగా ఉండేవి సెల్యులోజ్, లిగ్నిన్. అంటే దాని స్వభావం కలపకు దగ్గర. బాగా ఎండిన గడ్డి కూడా గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. బేలు బరువులో తేమ 15 శాతం లోపు ఉంటే నిశ్చింత. 20 శాతం దాటితే బూజు భయం మొదలవుతుంది. 25 శాతం దాటి చాలాకాలం అలాగే ఉంటే గడ్డి కుళ్లిపోతుంది. చుట్టూ గాలిలో సాపేక్ష తేమ 80 శాతం దాటి వారాల తరబడి తగ్గకపోతే, చుక్క నీరు తగలకున్నా బూజు పట్టగలదు.

బూజుకు నాలుగు కావాలి: విత్తనం, ఆహారం, వెచ్చదనం, తడి. బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఆహారం గడ్డే. మనుషులకు హాయిగా ఉండే వెచ్చదనం బూజుకూ హాయే. కట్టేవారి చేతిలో ఉన్నది తడి ఒక్కటే. అందుకే ఈ ఇళ్ల నిర్మాణ శాస్త్రమంతా ఒక లెక్క చుట్టూ తిరుగుతుంది: గోడలోకి వచ్చే తడికంటే గోడలోంచి ఆరిపోయే తడి ఎక్కువగా ఉండాలి.

పశువుల మేతకు కోసిన పచ్చిక బేళ్లు గోడకు పనికిరావు. వాటిలో ఆకులు, గింజలు, చక్కెరలు ఎక్కువ కాబట్టి బూజు, పురుగు త్వరగా చేరతాయి. ధాన్యం రాలిపోయిన వట్టి కాడలే కావాలి. వరిగడ్డిలో సిలికా ఎక్కువగా ఉండడం వల్ల అది గోధుమ గడ్డికంటే నెమ్మదిగా కుళ్లుతుంది. అయినా తడిసి ఆరకపోతే దానికీ బూజు తప్పదు.

తేమ వచ్చే దారులు

వాన: గోడకు తగిలే నీటిలో అత్యధికం వానదే. గాలివాన జల్లు కొట్టే వైపు గోడ, చూరు కిందనుంచి చింది పడే నీటికి తడిసే గోడ అడుగు భాగం, కిటికీ కింది గట్టు బలహీన స్థానాలు. నిలువుగా ఉన్న పూత మీదనుంచి నీరు జారిపోతుంది. గట్టు మీద, గోడ పైఅంచు మీద అది నిలుస్తుంది. సన్నని పగులు దొరికితే అక్కడినుంచి బేళ్ల మధ్యకు దిగుతుంది.

నేల చెమ్మ: మట్టి, కాంక్రీటు, ఇటుక అన్నీ నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. బేలును నేరుగా కాంక్రీటు మీద పెడితే కింది వరుస నల్లబడి మెత్తబడుతుంది.

ఇంటి లోపలి ఆవిరి: వంట, స్నానాలు, తడిబట్టలు, మనుషుల ఊపిరి వల్ల ఇంట్లో రోజూ కొన్ని లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. పూత గుండా మెల్లగా పాకే ఆవిరి అంత ప్రమాదకరం కాదు. స్విచ్ బోర్డుల చుట్టూ, గోడకూ కప్పుకూ మధ్య ఉన్న సందుల్లోంచి దూరే గాలి అంతకు ఎన్నో రెట్లు ఆవిరిని మోసుకుపోతుంది. అది చల్లని పొర తగిలిన చోట నీటి చుక్కలుగా మారుతుంది. చలి దేశాల్లో ఈ చుక్కలు బయటి పూత వెనక చేరతాయి. ఉక్కపోత ప్రాంతాల్లో ఏసీ గది ఉంటే లోపలి పూత వెనక చేరతాయి.

గొట్టాలు: గోడలోంచి వెళ్లే నీటి గొట్టం కారితే నెలల తరబడి ఎవరికీ తెలియదు. అందుకే నీటి గొట్టాలను బేళ్ల గోడలో పెట్టకుండా లోపలి ఇటుక గోడలో గాని నేలలో గాని తీసుకుపోవాలి.

కట్టేటప్పుడే తడిసిన బేళ్లు: చాలా ఇళ్లలో సమస్య ఇక్కడే మొదలవుతుంది. పొలంలోనో లారీలోనో పేర్చిన గోడ మీదనో ఒక్క వాన పడితే బేలు నడిమికి నీరు దిగుతుంది. పైపైన ఆరినట్లు కనిపించినా లోపల తడి మిగిలే ఉంటుంది.

పూత పాత్ర

తొలినాళ్లలో పునరుద్ధరణ ఉత్సాహంలో కట్టిన చాలా ఇళ్లకు గట్టిదనం కోసం సిమెంటు పూత పూశారు. సిమెంటు పూత బిగుసుకుని సన్నగా పగులుతుంది. ఆ పగులు నీటిని లోపలికి పీలుస్తుంది. లోపలి ఆవిరిని మాత్రం ఆ పూత సులువుగా బయటికి పోనివ్వదు. అలా వచ్చిన తడి అక్కడే ఉండిపోతుంది. సున్నం పూత, మట్టి పూత ఆవిరిని బాగా వదులుతాయి. మట్టి మరో మేలు కూడా చేస్తుంది: తనకు ఆనుకున్న గడ్డిలోని తడిని తనలోకి లాక్కుంటుంది. కొత్త సున్నంలోని గాఢమైన క్షారగుణం బూజును కొంతకాలం దగ్గరకు రానివ్వదు. వాన తగలని చోట మట్టి, తగిలే చోట సున్నం వాడడం అనుభవం నేర్పిన పద్ధతి. సిమెంటు తప్పనిసరైతే దానిలో సున్నం తగినంత కలపాలి.

ఇదే కారణంగా గోడ చుట్టూ ప్లాస్టిక్ షీటు చుట్టడం, పూత మీద ఆయిల్ పెయింటు గాని, నీరు పట్టని ప్లాస్టిక్ రంగు గాని వేయడం పెద్ద పొరపాట్లు. నీరు రాకూడదని వేసిన షీటు వచ్చిన నీటిని పోనివ్వదు. నీరు నిలిచే కిటికీ గట్టుకు, గోడ పైఅంచుకు మాత్రం నీరు దిగని పొర తప్పకుండా వేయాలి.

నిర్మాణ ప్రమాణాలు

అమెరికాలో 1990ల్లో న్యూమెక్సికో, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఈ ఇళ్లకు నియమాలు రూపొందించాయి. 1991లో కాలిఫోర్నియా వరిగడ్డి కాల్చడాన్ని తగ్గించే చట్టం చేశాక, మిగిలే గడ్డికి కొత్త ఉపయోగాలు వెతకడం కూడా ఈ పద్ధతికి కలిసివచ్చింది. 2015లో అంతర్జాతీయ నివాస గృహ నిర్మాణ నియమావళిలో గడ్డి బేళ్ల నిర్మాణానికి ప్రత్యేక అనుబంధం చేరింది. తేమకు సంబంధించి దానిలోని ముఖ్యాంశాలు ఇవి: మొదటి పూత వేసే నాటికి బేలులో తేమ 20 శాతం మించకూడదు, బేళ్లు బయటి నేలకు కనీసం 8 అంగుళాల ఎత్తున ఉండాలి, ఎండిన బేలు సాంద్రత ఘనమీటరుకు సుమారు 104 కిలోలకు తగ్గకూడదు. మంచి మేస్త్రీలు ఈ 8 అంగుళాలతో సరిపెట్టుకోరు. వాన ఎక్కువగా ఉన్న చోట బేస్‌మెంటును అడుగున్నర, రెండడుగులు లేపి, చూరును రెండు మూడు అడుగులు ముందుకు చాపుతారు.

ఆరోగ్యం

ముక్కిన గడ్డి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును రైతు ఊపిరితిత్తుల వ్యాధి అంటారు. వేడెక్కిన తడిగడ్డిలో పెరిగే కొన్ని బాక్టీరియా, బూజుల బీజాలకు శరీరం అతిగా స్పందించడమే దానికి కారణం. పూత పూసిన ఇంట్లో ఉండేవారికి ఈ వ్యాధి ప్రమాదం తక్కువ. బూజుపట్టిన బేళ్లను విప్పే కూలీలకు మాత్రం ముప్పు నిజమైనది. వారికి ముక్కూ నోరూ బిగుతుగా కప్పే మాస్కు ఇచ్చాకే పని మొదలుపెట్టాలి. ఉబ్బసం ఉన్నవారికి, చంటిపిల్లలకు గోడలోని బూజు వాసన కూడా ఇబ్బందే.

గుర్తించడం, బాగుచేయడం

ముక్కవాసన, పూత మీద గోధుమరంగు మరకలు, చేత్తో తడితే డొల్లగా పలకడం, కిటికీ మూలల్లో నల్లచుక్కలు తొలి సూచనలు. నిర్ధారించడానికి గడ్డి తేమను కొలిచే పొడవాటి సూది మీటరును పూతలో చిన్న రంధ్రం చేసి లోపలికి దించుతారు. కట్టేటప్పుడే గోడ అడుగున, కిటికీల కింద, వానజల్లు కొట్టే వైపు కొలిచే చోట్లు వదిలిపెట్టుకుంటే తర్వాత పూత పగలగొట్టే పని ఉండదు. కొలత 20 శాతం దాటితే ముందు తడి వచ్చే దారి కనిపెట్టి మూయాలి. అది చేయకుండా బూజు మీద మందు చల్లితే నెల తిరగకముందే మళ్లీ వస్తుంది. గడ్డి రంగు మారినా పరక గట్టిగా ఉంటే పూత తెరిచి ఆరనిస్తే చాలు. చేతిలో నలిపితే పొడి అయ్యే గడ్డిని పూర్తిగా తీసేసి, పొడిగడ్డిని బిగించి కూరి, మళ్లీ మట్టి పూయాలి.

తెలుగు ప్రాంతాలకు ఇది ఎలా వర్తిస్తుంది

గడ్డి బేళ్ల గోడ తెలుగువారి సంప్రదాయం కాదు. ఆ గోడను కాపాడే సూత్రాలు మాత్రం మనవాళ్లకు కొత్త కాదు. గడ్డివాము వేసే రైతు నేల చెమ్మ తగలకుండా అడుగు ఎత్తు చేస్తాడు. నీరు జారేలా పైభాగాన్ని వాలుగా తీరుస్తాడు. పచ్చి ఆరని గడ్డిని వాము వేస్తే లోపల వేడెక్కి ముక్కిపోతుందని అతనికి తెలుసు. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లలో గడ్డి కప్పు చూరు దాదాపు నేల దాకా దిగి మట్టి గోడను గాలివాన నుంచి కాపాడుతుంది. రాయలసీమ మట్టిమిద్దెల మీద వానలకు ముందు చౌడు పోసి సరిచేస్తారు. ఇవన్నీ బేళ్ల గోడకు పనికొచ్చే పాఠాలే.

అనంతపురంలో ఏటా కురిసే వాన దాదాపు శాండ్‌హిల్స్ వానకు సమానం. అయినా అక్కడి చలికాలం బూజును ఆపినట్లు ఇక్కడి ఏ కాలమూ ఆపదు. గడ్డి, కలప ఉన్న చోట చెదలు కూడా చేరతాయి. కోస్తాలో తుపాను గాలి వానను గోడకు అడ్డంగా కొడుతుంది, ఉక్కపోత నెలల్లో గాలే తడిగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఈ పద్ధతి రాయలసీమ, తెలంగాణ పొడి ప్రాంతాలకు ఎక్కువగా నప్పుతుంది. తీరంలో కట్టాలంటే చుట్టూ వసారా దింపి, గోడను వాన తాకకుండా చేయాలి. ఖరీఫ్ వరి కోతలయ్యాక బేలర్ కట్టిన గడ్డిని బాగా ఎండబెట్టి, టార్పాలిన్ కింద ఎత్తున నిల్వచేసి, కప్పు పడ్డాకే గోడ పేర్చాలి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు రాకముందే కప్పు, రెండు వైపులా పూత పూర్తి కావు అనుకుంటే, ఆ ఏడు గోడ మొదలుపెట్టకుండా ఆగడమే మేలు.