రిప్లీ కూతురు

1979లో వచ్చిన ‘ఏలియన్’ సినిమా మీద స్త్రీవాద విమర్శ చాలానే వచ్చింది. మగవాడి ఛాతీ చీల్చుకుని పుట్టే జీవి, గర్భాశయాన్ని తలపించే దారులు, సిబ్బంది ‘మదర్’ అని పిలిచే కంప్యూటరు - వీటన్నిటి గురించీ బార్బరా క్రీడ్ 1993లో ‘ది మాన్‌స్ట్రస్ ఫెమినిన్’లో చర్చించింది. ఆ సినిమాల వెంటే అచ్చయిన చవక నవలల్ని మాత్రం పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ముళ్ళపూడి వెంకటరమణ పుణ్యమా అని వెండితెర నవల మనకు కొత్త కాదు. ఇవీ ఆ కోవలోవే. కాకపోతే వీటిలో కొన్ని సినిమా అయిపోయాక కూడా కథను సాగదీస్తూనే పోతాయి.

నాకవి ఇష్టం. సాహిత్య విలువల కోసం కాదు. రాత్రి పదింటికి మొదలుపెడితే ఒంటిగంటకి గానీ కింద పెట్టబుద్ధి కాదు. మొదటి సినిమాకి నవల రాసిన అలెన్ డీన్ ఫాస్టర్‌కు అసలా జీవి ఎలా ఉంటుందో ఎవరూ చూపించలేదట. అందుకే ఆ పుస్తకంలో దాని రూపం సరిగా తెలియదు. సినిమా కంటే నేను భయపడింది అక్కడే.

అయితే ఇష్టానికి ఇంకో కారణం ఉంది. సినిమా వాళ్ళు కత్తిరించి పారేసిన ఆడవాళ్ళ బతుకులు కొన్ని ఈ పుస్తకాల్లో మిగిలిపోయాయి.

ఎలెన్ రిప్లీ సరుకు ఓడలో ఉద్యోగి. తోటివాళ్ళంతా ఆ జీవికి బలైపోగా తనొక్కతే బతికి, 57 ఏళ్ళు నిద్రలోనే అంతరిక్షంలో కొట్టుకుపోతుంది. 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన ‘ఏలియన్స్’ ఇక్కడ మొదలవుతుంది. భూమి మీద ఆమెకో కూతురుంది, అమాండా. ఈమె మేలుకునే సరికి ఆ పిల్ల ముసలిదై, 66 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఈ సన్నివేశాన్ని తీశారు కూడా. కానీ థియేటర్లకు వచ్చిన సినిమాలో తీసేశారు. అదే ఏడాది వచ్చిన ఫాస్టర్ నవలలో మాత్రం అది ఉంది. కొన్నేళ్ళకు పొడిగించిన కూర్పు బయటికొచ్చేదాకా రిప్లీకి కూతురుందని తెలిసింది ప్రధానంగా నవల చదివినవాళ్ళకే.

ఇది చిన్న తేడా కాదు. థియేటర్లో చూసినవాళ్ళకు రిప్లీ న్యూట్ అనే అనాథ పిల్లను గుండెలకు హత్తుకోవడం ‘ఆడదానికి సహజమైన మాతృత్వం’ లాగే కనపడుతుంది. ఎంత ధీరురాలినైనా చివరికి అమ్మను చేసి కూర్చోబెట్టారని మనం కోప్పడతాం. నవల చదివితే ఆ కోపం అంత తేలిగ్గా రాదు. అక్కడ ఉన్నది ఉద్యోగం కోసం బిడ్డను వదిలి వెళ్ళి, తిరిగొచ్చే సరికి బిడ్డ జీవితమే దాటిపోయిన తల్లి. ఆమెది సహజగుణం కాదు, దుఃఖం.

న్యూట్ సంగతి మరీ అన్యాయం. 1988లో మార్క్ వర్‌హైడెన్ రాసిన కామిక్స్‌లో ఆమె పెద్దదై, చూసిన భయాలకు పిచ్చాసుపత్రి పాలవుతుంది. దాన్ని నవలగా తెచ్చే సమయానికి, 1992లో, మూడో సినిమా ఆమెను మొదట్లోనే చంపేసింది. దాంతో స్టీవ్ పెర్రీ నవలల్లో న్యూట్ ‘బిల్లీ’గా, సైనికుడు హిక్స్ ‘విల్క్స్’గా మారిపోయారు. వాళ్ళ గాయాలు మాత్రం అవే. పేరు పోగొట్టుకున్న ఆ పిల్లను న్యూట్ అనుకోకుండా చదవడం నాకైతే సాధ్యం కాలేదు. మూడో సినిమాకి నవల రాస్తూ ఫాస్టర్ న్యూట్‌ను బతికించాలనుకున్నాడు, కుదరదన్నారు. విసిగి, నాలుగోది రాయనన్నాడు.

అలా 1997లో ‘ఏలియన్ రిసరెక్షన్’ ఎ.సి. క్రిస్పిన్ చేతికి వచ్చింది. నాలుగు సినిమాల్లో ఒక స్త్రీ నవలగా మలచింది అదొక్కటే. అప్పటికే స్టార్ ట్రెక్ నవలలతో ఆమెకు పేరుంది. ఆ మరుసటి ఏడాది విక్టోరియా స్ట్రాస్‌తో కలిసి రచయితల్ని మోసగాళ్ళ నుంచి కాపాడే ‘రైటర్ బివేర్’ మొదలుపెట్టింది. ఈ తరహా రచనలో హక్కులన్నీ స్టూడియోవే కదా, ఆమెకు ఆ పని ఎందుకు ముఖ్యమనిపించిందో ఊహించుకోవచ్చు. ఫాక్స్‌ను డిస్నీ 2019లో కొన్నాక, ఏలియన్ నవలలకు రావాల్సిన రాయల్టీ అందడం లేదని ఫాస్టర్ 2020లో బహిరంగంగా అడగాల్సి వచ్చింది. అది 2021లో పరిష్కారమైంది.

2022 నాటి వి. కాస్ట్రో నవల ‘ఏలియన్స్: వాస్క్వెజ్’ గురించి చెప్పకుండా ఉండలేను. 1986 సినిమాలో వాస్క్వెజ్ కండలు తిరిగిన లాటినా సైనికురాలు. ఆ వేషం వేసిన జెనెట్ గోల్డ్‌స్టీన్ లాటినా కాదు, ముఖానికి గోధుమ రంగు పూశారు. కాస్ట్రో మెక్సికన్ అమెరికన్. ఆమె నవలలో వాస్క్వెజ్‌కు వలస కుటుంబం, జైలు, సైన్యంలో చేరడానికి వదులుకోవాల్సి వచ్చిన కవల పిల్లలు ఉన్నారు. కథ ఆ పిల్లల మీదికి మళ్ళాక కాస్త పలచబడిందనిపించింది. అయినా వాస్క్వెజ్ బతికిన పేజీలు రెండుసార్లు చదివాను.

అమాండా కూడా తిరిగొచ్చింది. 2014లో వచ్చిన వీడియో గేమ్‌లో తల్లిని వెతుక్కుంటూ బయలుదేరే ఇంజనీరు ఆమె. కీత్ డికాండిడో దాన్ని 2019లో నవల చేశాడు. తల్లి నిద్రపోయిన ఆ 57 ఏళ్ళలో కూతురు ఏం చేసిందో అందులో కొంత ఉంది.