యాదగిరిగుట్ట పరిసరములు: ఋతుచక్రము, యాత్రాకాలము

పూర్వపు నల్లగొండ జిల్లా ఉత్తరభాగమున, హైదరాబాదునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున యాదగిరిగుట్ట యున్నది. దీనిని గూర్చి వ్రాసినవారు సాధారణముగా స్థలపురాణముతో నారంభించి ఆలయవర్ణనముతో ముగింతురు. ఆ పద్ధతి దోషము కాదు. కాని దానివలన నొక ప్రశ్న మిగిలిపోవుచున్నది. ఈ గుట్టకు పల్లెజనులు సంవత్సరమున ఏ కాలమందు అధికముగా వచ్చెడివారు? ఆ కాలముననే వచ్చుటకు కారణమేమి? యాత్రాకాలమునకును, చుట్టుపట్ల గ్రామముల వ్యవసాయకాలమునకును గల సంబంధమును పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా నేల స్వభావమును తెలిసికొనవలెను. ఇచటి గుట్టలకు పర్వతములనదగిన ఎత్తు లేదు. ఇవి అత్యంత ప్రాచీనమైన గ్రానైటు శిలలు. ఎండకును వానకును పొరలుపొరలుగా విచ్చి, బండలు ఒకదానిపై నొకటి నిలిచి, వాని నడుమ సహజముగ గుహలేర్పడినవి. యాదగిరి నరసింహస్వామి వెలసినది అట్టి గుహలోనే. గుట్టలపై మన్ను స్వల్పము. కావున వాననీరు ఇంకక ఒక్కపెట్టున పల్లమునకు జారును. రెండు గుట్టల నడుమ పల్లమునకు అడ్డముగ కట్ట వేసినచో అది చెరువగును. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దాని దిగువ చెరువును చేరును. తుదకు మిగిలినది ఆలేరు వాగున గాని మూసీనదిలో గాని కలియును. ఈ సీమలో సాలునకు కురియు వాన సుమారు 700 మొదలు 750 మిల్లీమీటర్లు. అందును అధికభాగము నైరుతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే కురియును. గొలుసుకట్టు చెరువులు లేకున్నచో ఇచట వరి పండుట దుర్లభము. గుట్టపై నరసింహస్వామి, చెరువుకట్టపై కట్టమైసమ్మ: ఈ యిరువురు దేవతలును ఒకే నీటిదారికి ఎగువను దిగువను నిలిచినవారు.

ఈ ప్రాంతము చరిత్రకు దూరమైన అడవి కాదు. ఆలేరు సమీపమున నున్న కొలనుపాక కల్యాణి చాళుక్యుల కాలమున కొల్లిపాక యేడువేల నాటికి కేంద్రము. రాజేంద్రచోళుని ప్రశస్తి అతడు జయించిన స్థలములలో దీనిని పేర్కొనుచున్నది. నేటి పేరులో 'కొలను' వినబడుచున్నను, ప్రాచీనరూపము కొల్లిపాకయే యని పరిశోధకులు గుర్తింపవలెను. అచటి జైనాలయమును, వీరశైవులకు పవిత్రమైన సోమేశ్వరాలయమును నేటికిని యాత్రికుల నాకర్షించుచున్నవి. భువనగిరి దుర్గము అండాకారమైన ఏకశిలపై నున్నది. త్రిభువనమల్ల బిరుదాంకితుడైన ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) పేర త్రిభువనగిరియై, అనంతరము భువనగిరియైనదని ప్రసిద్ధి. రాజులు గుట్టను కోటగ జూచిరి. భక్తులు దేవాలయముగ జూచిరి. రైతు మాత్రము దానిని చెరువు నింపు ఎగువనేలగ జూచెను. మూడవ చూపును చరిత్రకారులు తక్కువగ పట్టించుకొనిరి.

స్థలపురాణమున సైతము ఈ చూపునకు సంబంధించిన సూచన యొకటి కలదు. గుట్టపై తపమొనర్చి ఆంజనేయుని అనుగ్రహమున నరసింహుని పంచరూపములలో దర్శించిన యాదఋషి, ఋష్యశృంగుని కుమారుడని చెప్పుదురు. జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహులు ఆ పంచరూపములు. రామాయణమున ఋష్యశృంగుని పాదస్పర్శచే అనావృష్టి బాధితమైన అంగదేశమున వాన కురిసినది. వానకొరకు ఆకసమును చూచు సీమలో, వాన తెచ్చిన ఋషి పుత్రుడు స్థలపురాణ నాయకుడగుట గమనింపదగినది. దీనినుండి సిద్ధాంతము చేయరాదు. కాని దీనిని ఉపేక్షింపను రాదు.

ఇక ఋతుచక్రము. రోహిణికార్తె ఎండలు ముగిసి మృగశిర ప్రవేశించిన పిమ్మట చెల్కలలో జొన్న, ఆముదము, కంది విత్తుదురు. ఏరువాక పున్నమ నాడు ఎద్దులను పూజింతురు. చెరువు నిండినచో ఆబి వరి నాటు సాగును; నీరటివాడు తూము విప్పి మళ్లకు వంతులవారీగ నీరు పారించును. ఆషాఢ శ్రావణములలో గ్రామదేవతలకు బోనాలు. భాద్రపదాంతమున చెల్కగట్లపై తంగేడు, గునుగు పూచి బతుకమ్మకు సిద్ధమగును. ఆ పండుగ చెరువునీటిలోనే ముగియును. ఆశ్వయుజ కార్తికములలో గుట్టలనుండి సీతాఫలములు గంపలకెత్తి సంతలకు తెత్తురు. మార్గశిరమునాటికి ఆబి వరి కళ్లమునకు చేరును. పుష్య మాఘములలో కంది, ఆముదముల పని ముగియును. చెరువున నీరు మిగిలిన ఊళ్లలో తాబి వరి మాత్రము పొలమున నుండును, చెల్కలన్నియు ఖాళీ. ఎద్దులకు విశ్రాంతి, ఇంట గింజలు, బండ్లకు ఎండిన బాటలు, రాత్రులు ఓర్వదగిన చలి. మోదుగు పూచు ఫాల్గుణమున పదునొకండు దినములు యాదగిరి బ్రహ్మోత్సవములు జరుగును.

ఇది యాదృచ్ఛికమా? సమీప జాతరలతో పోల్చిచూచిన సందేహము తగ్గును. పాతగుట్టపై నరసింహుని ఉత్సవములు మాఘమున. నార్కట్‌పల్లి సమీపమున చెరువుగట్టు జడల రామలింగేశ్వరుని జాతర మాఘముననే. సూర్యాపేట వద్ద పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేండ్లకొకమారు మాఘమున. వైష్ణవ, శైవ, గొల్లల దైవములు వేరైనను జనులు కూడు కాలము ఒక్కటే. విరుద్ధమైన నిదర్శనము లేకపోలేదు. నరసింహుని అవతారదినము వైశాఖ శుద్ధ చతుర్దశి. శాస్త్రదృష్టిని అదియే ముఖ్యము. అయినను యాదగిరిపై జయంత్యుత్సవములు మూడు దినములే. ఆ మాసమున గుట్టలు కాలును, చెరువులు అడుగంటును. ఇదే పూర్వపు జిల్లాలో కృష్ణాతీరమునందలి మట్టపల్లి నరసింహుని కల్యాణము మాత్రము వైశాఖముననే జరుగును. అచట వేసవిలో నదీజలము కలదు. ఉత్సవతిథిని రైతులే నిర్ణయించిరని నేననుట లేదు. తిథిని ఆగమము నిర్ణయించినను, ఆ తిథికి ఎందరు రాగలరో నేలయు నీరును నిర్ణయించినవి.

ఈ బంధము మొదట సడలినది రైలుమార్గముచే. 1886లో సికింద్రాబాదునుండి ఓరుగల్లునకు రైలు నడిచినది. రాయగిరి స్టేషను గుట్టకు సమీపము. పొలముతో పనిలేని నగరవాసి ఏ ఋతువునందైనను రాగలిగెను. నేడు కార్తిక వ్రతములకును, స్వాతీ నక్షత్రమునాటి గిరిప్రదక్షిణమునకును, ఆదివారములకును వచ్చు సమ్మర్దము పంటలను లెక్కింపదు. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడినది. ఆలయము కృష్ణశిలతో పునర్నిర్మితమై 2022 మార్చి 28న భక్తులకు మరల తెరువబడినది, అదియు ఫాల్గుణమాసమే.

ఇటు పొలమును మారినది. బోరుబావులు వచ్చిన పిదప చెరువుపై ఆధారము తగ్గెను. నీరటివాని పని అనేక గ్రామములలో పేరునకే మిగిలినది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించినది గాని, నీటివంతుల పరిజ్ఞానమును పూడికనుండి తీయుట వేరు పని. మూసీ కాలువల క్రింది పల్లెలలో ఏడాది పొడవునను నీరు కలదు. అది నగరపు మురుగుతో కలిసిన నీరు. గుట్ట చుట్టును చెల్కలు ఇండ్లస్థలములుగ మారుచున్నవి. కాబట్టి ఋతువునకును యాత్రకును గల పూర్వసంబంధము మన కండ్లయెదుటనే చెరగుచున్నది.

శాసనములు రాజుల దానములను చెప్పును. ఏ ఊరి బండ్లు ఏ బాటన గుట్టకు వచ్చెడివో, ఎచట విడిసెడివో, ఏ చెరువు మత్తడి దూకినపుడు ఏ ఊరివారు మొక్కు చెల్లించెడివారో అవి చెప్పవు. వీనిని చెప్పగలవారు ఆలేరు, రాయగిరి, తుర్కపల్లి, గుండాల గ్రామములలో నున్న వృద్ధులైన రైతులు, నీరటివాండ్రు, బండ్లు తోలినవారు. మన శాఖ పరిశోధకవిద్యార్థులు ఒక్కొక్క చెరువు పేరును, దాని పైచెరువు క్రిందిచెరువులను, కార్తెలకు సంబంధించిన స్థానిక వ్యవహారమును, యాత్రబాటలను గ్రామమువారీగ సేకరించినచో ఈ వ్యాసమున చేసిన ఊహ నిలుచునో తొలగునో తేలును. ఆలయశిలలు మరికొన్ని శతాబ్దములు నిలుచును. ఈ జ్ఞాపకమునకు మాత్రము అంత వ్యవధి లేదు.