విడాకులూ పౌరసత్వమూ
అమెరికా పౌరసత్వ దరఖాస్తులో ఎన్నిసార్లు పెళ్ళయిందో చెప్పాలి. ఎప్పుడో ముగిసిన నా పెళ్ళితో వీళ్ళకేం పని? చరిత్ర తిరగేస్తే తెలిసింది. 1907 చట్టం విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వాన్ని లాగేసుకుంది. 1922లో కేబుల్ చట్టం దాన్ని చాలావరకు సడలించింది. మరి అప్పటికే పోగొట్టుకున్నవాళ్ళు? అక్కడే పుట్టిన అలాంటి స్త్రీలలో విడాకులు పొందినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు కేవలం ప్రమాణం చేసి పౌరసత్వం తిరిగి పొందవచ్చని 1936 చట్టం అంది. కాపురంలో ఉన్నవాళ్ళకు 1940 దాకా ఆ దారి తెరుచుకోలేదు.

నేడు లెక్క తిరగబడింది. పౌరుడైన భర్తతో కాపురం చేస్తుంటే గ్రీన్‌కార్డు వచ్చిన 3 ఏళ్ళకు అర్హత. విడిపోతే సాధారణంగా 5 ఏళ్ళు. కాగితం మీద ఈ నియమం ఆడా మగా ఇద్దరికీ ఒకటే. కానీ భర్త వెంట వచ్చిన నాలాంటివాళ్ళకు అదనపు రెండేళ్ళ బరువు వేరు. అప్పుడు తలుపు తీసిన విడాకులే ఇప్పుడు ఆలస్యం చేస్తున్నాయి. కొలబద్ద మాత్రం మన పెళ్ళే.