చెరపకుండ వ్రాయుట: బీటీఆర్ఎఫ్ఎస్ పుట్టుక

కంప్యూటరులో ఒక వ్యాసమును దిద్ది భద్రపరచునప్పుడు డిస్కుమీద ఏమి జరుగును? చాలకాలముగా నడచిన పద్ధతిలో, పాత అక్షరములున్న చోటనే క్రొత్తవి వ్రాయబడును. పలకమీది లెక్కను తుడిచి దిద్దుట వంటిదే ఇది. సగము వ్రాయగనే విద్యుత్తు పోయినచో పాతదియు దక్కదు, క్రొత్తదియు దక్కదు. చేయబోవు పనిని ముందుగా ఒక చిట్టాలో వ్రాసికొనుట ఈ ఆపదకు ఒక మందే గాని, దానివలన ఒక్క పనిని రెండుమార్లు వ్రాయవలసివచ్చును.

తాటాకులపై వ్రాసిన లేఖకునికి పలకను తుడిచినట్లు తుడుచుటకు వీలు లేదు. ఆకు మార్చవలెనన్న వేరొక ఆకుమీద శుద్ధప్రతి వ్రాసి, త్రాడు విప్పి, పాతదాని స్థానమున దీనిని గ్రుచ్చవలెను. త్రాడు విప్పువరకు పాత గ్రంథము చెక్కుచెదరదు. ‘కాపీ ఆన్ రైట్’ అను పద్ధతిలోని కీలకమంతయు ఇదే. మారిన భాగమును ఖాళీ చోట వ్రాయుదురు. దాని చిరునామా మారినది కాబట్టి, ఆ చిరునామాగల పట్టికను గూడ మరియొక చోట వ్రాయుదురు. ఆ పట్టికను చూపు పై పట్టికను గూడ అట్లే. ఇట్లు మొదలువరకు పోయి, చిట్టచివర ‘సూపర్‌బ్లాకు’లోని చిరునామాను మాత్రము మార్చుదురు. అదే త్రాడు విప్పి కట్టుట.

ఈ భావము ఒక్కనాడు పుట్టినది కాదు. డిస్కునంతటిని ఎడతెగని చిట్టాగా వ్రాయు వ్యవస్థను బర్క్‌లీలో మెండెల్ రోజెన్‌బ్లమ్, జాన్ ఔస్టర్‌హౌట్ 1991లో వివరించినారు. 1994లో నెట్‌యాప్ సంస్థకు చెందిన డేవ్ హిట్జ్, జేమ్స్ లా, మైఖేల్ మాల్కమ్ తమ ‘వాఫిల్’ను ప్రకటించినారు. పాత ప్రతి చెరగదు గనుక, దాని మొదలును జ్ఞాపకముంచుకొన్నచో నిన్నటి రూపము నేడును కానవచ్చును గదా! దానినే ‘స్నాప్‌షాట్’ అందురు.

పలు డిస్కుల సంగతి వేరు. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు ‘రెయిడ్’ అను ఏర్పాటును ప్రతిపాదించినారు. ఒక డిస్కు చచ్చినను సమాచారము బ్రతుకును. కాని డిస్కు చావక అబద్ధమాడినచో? రెండు డిస్కులలోని ప్రతులు వేరువేరుగా ఉన్నప్పుడు ఏది నిజమో చెప్పుటకు సామాన్యమైన రెయిడ్‌కు సాక్ష్యము లేదు. ఈ మౌనపు చెడుగే నిజమైన భయము; నెలల తరబడి ఎవరికిని తెలియదు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టిన ‘జెడ్ఎఫ్ఎస్’ దీనికి జవాబు చెప్పినది. ప్రతి బ్లాకుకు ‘చెక్‌సమ్’ అను ముద్రసంఖ్యను లెక్కగట్టి, ఆ బ్లాకులో గాక దానిని చూపు పట్టికలో దాచినారు. చదివినప్పుడు సంఖ్య కలియనిచో రెండవ ప్రతిని తెచ్చి మొదటిదానిని బాగుచేయును.

2005లో జెడ్ఎఫ్ఎస్ మూలము బహిరంగమైనను, దాని లైసెన్సు లినక్స్ లైసెన్సుతో పొసగలేదు, కెర్నల్‌లో చేరలేకపోయినది. శాస్త్రమునకు గోడ కట్టినది న్యాయశాస్త్రమన్నమాట! 2007లో ఐబీఎమ్ పరిశోధకుడు ఒహాద్ రోడే ఒక చిక్కును విప్పినాడు. వెదకుటకు అనువైన ‘బీ-ట్రీ’ అను వృక్షములో సాధారణముగా ఆకులు ఒకదానితో నొకటి ముడివడి ఉండును. ఒక ఆకు చోటు మారినచో ప్రక్క ఆకును, దాని ప్రక్కదానిని గూడ మార్చవలెను. రోడే ఆ ముడులను తీసివేసినాడు. అప్పుడు ఒరాకిల్ సంస్థలోనున్న క్రిస్ మేసన్ దీనిని ఆధారము చేసికొని అదే సంవత్సరము బీటీఆర్ఎఫ్ఎస్‌ను ప్రకటించినాడు. కొందరు దీనిని ‘బటర్ ఎఫ్ఎస్’ అని వెన్నపేరుతో పిలుతురు. 2009 మార్చిలో 2.6.29 కెర్నల్‌తో ఇది లినక్స్‌లో చేరినది.

దీని రెయిడ్-1 డిస్కునకు డిస్కును ప్రతిబింబముగా ఉంచదు. స్థలమును సుమారు ఒక గిగాబైటు ఖండములుగా తీసికొని, ప్రతి ఖండమునకు రెండు ప్రతులను రెండు డిస్కులలో ఉంచును. కాబట్టి 4, 4, 8 టెరాబైట్ల డిస్కులను కలిపినను 8 టెరాబైట్లు వాడుకొనవచ్చును. 8కి బదులు 12 తెచ్చినను లాభము లేదు; జత దొరకని నాలుగు వృథా.

ఐతే ఈ వ్యవస్థ తనంతట తాను నడువదు. ఎవరును తెరవని ఫైలులోని చెడుగు బయటపడదు గనుక, అప్పుడప్పుడు ‘స్క్రబ్’ నడిపి సమస్తమును చదివించవలెను. చాలమంది నెలకొకసారి చేయుదురు. క్రొత్త డిస్కును చేర్చినంతమాత్రమున పాత సమాచారము దానిలోనికి పోదు. దానికి ‘బాలెన్స్’ కావలెను. మరొక వింత కలదు. స్థలమంతయు సమాచార ఖండములకే పోయినచో, అవి సగము ఖాళీగానున్నను, పట్టికలకు చోటు దొరకక ‘నిండినది’ అనును. అప్పుడు ఫైలును తొలగించుటయు కష్టమగును. ఏలయన, చెరపని వ్యవస్థలో తొలగించుటకు గూడ క్రొత్త పట్టిక వ్రాయవలెను! సగము నిండిన ఖండములను బాలెన్స్‌తో కూర్చి చోటు విడిపింతురు.

పెద్దల తీర్పు ఏకముగా లేదు. 2014లో సూసే తన వ్యాపార లినక్స్‌కు దీనిని మూలవ్యవస్థగా గైకొన్నది. 2017లో రెడ్ హ్యాట్ దీనిని వదలుచున్నట్లు తెలిపినది. 2020లో ఫెడోరా తన డెస్క్‌టాప్ లినక్స్‌కు దీనిని అప్రమేయ (డిఫాల్ట్) వ్యవస్థగా గైకొన్నది.

సందేహమునకు ఒక కారణము రెయిడ్-5, 6 పద్ధతులు. 2013లో 3.9 కెర్నల్‌తో వచ్చిన వీటిలో రెండవ ప్రతికి బదులు, పలు డిస్కుల బ్లాకులను కలిపి లెక్కగట్టిన ‘ప్యారిటీ’ ఉండును. ఒక వరుసలో కొంతభాగము మాత్రమే మారినప్పుడు ఆ ప్యారిటీని ఉన్నచోటనే తిరిగి వ్రాయుదురు. ఇచ్చట పలక తిరిగి వచ్చినది. నడుమ విద్యుత్తు పోయి, ఆ తరువాత స్క్రబ్ నడపకమునుపే ఒక డిస్కు చెడినచో, తప్పు ప్యారిటీతో పోయిన బ్లాకును సరిగా తిరిగి కట్టలేము. ఎన్నడో వ్రాసి ఎవరును ముట్టని బ్లాకైనను అంతే. జెడ్ఎఫ్ఎస్ వ్రాసిన ప్రతిసారి క్రొత్త కొలతగల వరుసను పేర్చి దీనిని తప్పించుకొన్నది. బీటీఆర్ఎఫ్ఎస్ నిర్మాతలు మాత్రము తమ పత్రములలో నేటికిని రెయిడ్-5, 6లను అసలు సమాచారమునకు వాడవద్దనియే హెచ్చరించుచున్నారు.