బ్రష్ ఉండగా పిల్లాడెందుకు?

పాత ఇంగ్లండ్‌లో ఇంటింటికీ బొగ్గు పొయ్యి, దానికో ఇటుకల పొగగొట్టం. లోపల పేరుకున్న మసి తీయకపోతే నిప్పు అంటుకునేది. దాన్ని తీసే పనిముట్టు ఏంటో తెలుసా? ఓ చిన్న పిల్లాడు! చేతికి బ్రష్ ఇచ్చి, మోకాళ్లు చెక్కుకుపోతున్నా పైకి ఎక్కించేవాళ్లు.

వేరే దారి లేకనా? కాదు. 1803లోనే జార్జ్ స్మార్ట్ అనే ఆయన బోలు కర్రల్ని తాడుతో బిగించి, కొసన బ్రష్ పెట్టాడు. కింద నిలబడి తోస్తే చాలు. 1828లో జోసెఫ్ గ్లాస్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. అయినా వంకర గొట్టాలకి పిల్లాడే నయమన్నారు చాలామంది. చట్టాలొచ్చినా ఆగలేదు.

1875లో కేంబ్రిడ్జ్ దగ్గర జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లాడు గొట్టంలో ఇరుక్కున్నాడు. గోడ పగలగొట్టి తీశారు, కానీ బతకలేదు. గట్టి చట్టం ఆ ఏడాదే వచ్చింది. అంటే, బ్రష్ వచ్చిన 72 ఏళ్లకి!