తాండూరు కందిపప్పు: ప్యాకెట్ మీది గీతలు ఏం చెబుతాయి?

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందుకు దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. సున్నపురాయి నిక్షేపాలున్న ఈ ప్రాంతపు నల్లరేగడిలో పండటమే ఆ పంట విశిష్టత. మరి హైదరాబాద్‌లో కొన్న ప్యాకెట్‌లో ఉన్నది ఆ పప్పేనా? బార్‌కోడ్ చూసి తేల్చుకోగలమా?

తేల్చుకోలేం. 890తో మొదలైతే మన దేశపు సరుకేనని చాలామంది నమ్ముతారు. కంపెనీ తన నంబరును బార్‌కోడ్ నంబర్లు కేటాయించే జీఎస్1 ఇండియా దగ్గర తీసుకుందని తప్ప ఆ మూడంకెలకు వేరే అర్థం లేదు. మయన్మార్ నుంచో మొజాంబిక్ నుంచో దిగుమతైన కందులను ఇక్కడ మరాడించి ప్యాక్ చేసినా అదే 890 ఉండొచ్చు.

బార్‌కోడ్ కింద ఉండే 13 అంకెల్లో చివరిది సరిచూసేందుకు పెట్టినది. మొదటి 12 అంకెలుగా 890123456789 తీసుకోండి. బేసి స్థానాల అంకెల మొత్తం 28, సరి స్థానాలది 34. రెండోదాన్ని మూడుతో హెచ్చవేసి కలిపితే 130. పదితో భాగిస్తే శేషం లేదు కాబట్టి చివరి అంకె సున్నా. ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు. కానీ ఏదైనా నంబరులో పక్కపక్కనున్న 3, 8 తారుమారైతే ఈ లెక్కకు దొరకదు. ఇది నంబరుకు పెట్టే పరీక్ష, పప్పుకు కాదు.

మామూలు ప్యాకెట్ గీతల్లో ధర కూడా ఉండదు. స్కానర్ నంబరు చదివితే దుకాణం కంప్యూటర్ ధర వెతికి ఇస్తుంది. అరలో ఒక ధర, బిల్లులో ఇంకో ధర కనబడితే ముందు అనుమానించాల్సింది ఆ కంప్యూటర్‌లోని వివరాన్నే. సూపర్‌మార్కెట్‌లో విడిగా తూచి అంటించే లేబుల్ వేరు: అది సాధారణంగా 2తో మొదలవుతుంది, బరువో ధరో అందులోనే ఉంటుంది. ఆ నంబరు ఆ దుకాణం దాటితే చెల్లదు.

కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గరి క్యూఆర్ కోడ్ డబ్బు ఎవరికి చేరాలో చెబుతుంది, సరుకు గురించి కాదు. అయితే 1994లో జపాన్‌లో డెన్సో సంస్థ తయారుచేసిన ఈ చదరపు కోడ్‌లో వేల అక్షరాలు పడతాయి. బ్యాచ్ నంబరు, మిల్లు పేరు, కందులు సేకరించిన మండలం అన్నీ చేర్చవచ్చు. నా దృష్టిలో తాండూరు రైతుకు పనికొచ్చేది ఇదే. కాకపోతే క్యూఆర్‌ను జిరాక్స్ తీసి ఏ సంచి మీదైనా అంటించవచ్చు. కాబట్టి మార్కెట్ యార్డులో కందులు దిగిన రోజు నుంచి ప్రతి బ్యాచ్‌కూ రాతపూర్వక లెక్క ఉండాలి. అది వచ్చేదాకా కొనేవాళ్లు చూడాల్సినవి భౌగోళిక గుర్తింపు ముద్ర, ప్యాక్ చేసినవారి చిరునామా.